ఉచితముగా ఇచ్చినను వలదన్నవారు

మహమ్మారి ఊరిమీద పడి, ప్రాణభయము ఇంటింటి గడపకడ నిలిచియున్న దినములలో, కాసు ఖర్చు లేకుండ చేతిలోని ఫోనులోనికి వచ్చి చేరు ఆరోగ్యసాధనమును కొందరు ఆదరముతో స్వీకరించుటయు, మరికొందరు అనుమానముతో త్రోసిపుచ్చుటయు, ఇంకను కొందరు ఒకనాడు స్వీకరించి మరునాడు తుడిచివేయుటయు ఏల జరిగెను? కరోనా కాలము గడచిన పిమ్మట ఈ ప్రశ్నను సామాన్యులు పలువురు వేయుచున్నారు. వేయువారిలో పెక్కుమంది సమాధానమును కూడ తామే చంకన పెట్టుకొని వత్తురు: చదువు లేకపోవుట, మూఢత్వము, నిర్లక్ష్యము. ఈ సమాధానము చెప్పువానికి ఎంతో సుఖమైనది. తన వివేకమునకు తానే నమస్కరించుకొన్నట్లుండును. వలదన్నవారు లెక్క తెలియక వలదనలేదనియు, వారి లెక్క వేరొకటి యనియు నా అభిప్రాయము. ఆ లెక్క యెట్టిదో విచారింతము.

భారత ప్రభుత్వము 2020 ఏప్రిల్ 2వ తేదీన ఆరోగ్యసేతు అను యాప్‌ను విడుదల చేసెను. ఎన్.ఐ.సి. అను పేర మనకు పరిచితమైన ప్రభుత్వసంస్థ దానిని నడపెను. దేశమంతయు లాక్‌డౌన్‌లో తలుపులు మూసికొని కూర్చున్న ఆ దినములలో, 13 రోజులు గడచునంతలో 5 కోట్లమంది దీనిని తమ ఫోనులలోనికి దించుకొనిరి. మే నెల నడుమకు ఆ సంఖ్య 10 కోట్లకు చేరెను. ఇంత త్వరగా ఇంతమందిని చేరిన ఆరోగ్యసాధనములు లోకమున అరుదు. కాని ఈ సంఖ్యను చూచి తృప్తిపడినవారు ఒక విషయమును మరచిరి. అంగీకారము ఒక్క క్షణమున ముగియు క్రియ కాదు. యాప్‌ను దించుకొనుట, నంబరిచ్చి పేరును వయస్సును వృత్తిని తెలుపుట, బ్యాటరీ తరిగిపోవుచున్నను బ్లూటూత్‌ను తెరచియుంచుట, జబ్బు సోకినప్పుడు ఆ సంగతి దాచక చెప్పుట, ముఖపరిచయమైనను లేని యొకని వలన అపాయమున్నదని హెచ్చరిక వచ్చినప్పుడు పని మానుకొని ఇంట కూర్చుండుట: ఇవి యన్నియు వేరువేరు అంగీకారములు. మొదటిదానికి ఔనన్నవాడే చివరిదానికి కాదనవచ్చును. దించుకొన్నవారి సంఖ్య పత్రికలలో అచ్చయ్యెను. తరువాతి కాదనుటలు ఆ సంఖ్యలో కానరావు.

ఎక్స్‌రే బండి కడకు రానివారు

ఈ సమస్య ఫోనులతో పుట్టినది కాదు. 1950 ప్రాంతముల అమెరికా దేశమున, క్షయరోగమును ముదరకమునుపే కనుగొనవలెనని, ఎక్స్‌రే యంత్రములను బండ్లలో నెక్కించి జనులుండు వాడలకే తీసికొనిపోయిరి. పరీక్ష ఉచితము, బండి దగ్గరనే నిలిచియుండును, పట్టు కాలము స్వల్పము. ఐనను రావలసినవారిలో ఎందరో రాలేదు. అచ్చటి ప్రజారోగ్యశాఖలో పనిచేయుచున్న గాడ్‌ఫ్రే హాక్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్ మొదలగు మనస్తత్త్వవేత్తలు ఈ వింతకు కారణమును వెదకబూనిరి. వచ్చినవారు తెలివిగలవారు, రానివారు తెలివితక్కువవారు అని తీర్పుచెప్పి ఊరకుండక, వారు మనుష్యుల మనసులోని నమ్మకములను విడివిడిగా తూచిచూచిరి.

హాక్‌బామ్ మూడు నగరములలో సుమారు 1,200 మందిని ప్రశ్నించి కనుగొన్నదేమనగా: ఒంటిలో ఏ బాధయు లేకున్నను తనకు క్షయ యుండవచ్చునని నమ్మి, ముందుగా కనుగొన్నచో మేలు కలుగునని కూడ నమ్మినవారిలో నూటికి 82 మంది స్వచ్ఛందముగా పరీక్ష చేయించుకొనిరి; ఈ రెండు నమ్మకములును లేనివారిలో నూటికి 21 మంది మాత్రమే చేయించుకొనిరి. ఈ పరిశోధనలనుండి పుట్టిన సిద్ధాంతమునకు ఇంగ్లీషున హెల్త్ బిలీఫ్ మోడల్ అని పేరు. మనము ఆరోగ్యవిశ్వాస సిద్ధాంతమని పిలుచుకొందము. దాని ప్రకారము మనుజుడు ఆరోగ్యవిషయమున ఏ పనికైన పూనుకొనుటకు ముందు, తనకు తెలియకయే నాలుగు ప్రశ్నలు వేసికొనును. ఈ జబ్బు నాకు వచ్చునా? వచ్చినచో ఎంత ప్రమాదము? ఈ పని చేసినచో నాకు కలుగు లాభమేమి? చేయుటకు అడ్డుపడునదేమి? మొదటి రెండును భయమునకు సంబంధించినవి. మిగిలిన రెండును బేరమునకు సంబంధించినవి.

కరోనా కాలమున మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పనక్కరలేదు. భయము కొరతపడలేదు. భయమొక్కటియే మనుష్యులను నడపునదైనచో ప్రతి ఫోనులోను ప్రతి యాప్ నిలిచియుండవలసినది. కాని భయము రెండంచుల కత్తి. ఒకనిచేత యాప్‌ను దించుకొనునట్లు చేయునదియు, జబ్బు వచ్చినప్పుడు దానిని దాచునట్లు చేయునదియు అదియే. అంతేకాక భయము నిలుకడ లేనిది. 2020 వేసవిలో పెరిగి, 2021 జనవరినాటికి చల్లారి, ఏప్రిల్ మే నెలలలో రెండవ ఉధృతి రాగా మరల మిన్నుముట్టెను. దానిమీద ఆధారపడిన అంగీకారమును అట్లే పెరిగి అట్లే తరిగెను. కావున మనము శ్రద్ధతో చూడవలసినవి చివరి రెండు ప్రశ్నలు: నాకేమి లాభము, నాకేమి అడ్డు.

చెప్పుల టోకెను

లాభమును గూర్చి మాటాడుటకు ముందు ఈ యాపులు లోపల ఏమి చేయుచుండునో కొంత తెలిసికొనక తప్పదు. గుడి ముంగిట చెప్పులు భద్రపరచువారు మనకొక టోకెను ఇత్తురు. దానిమీద అంకె యుండును గాని మన పేరుండదు. ఇప్పుడు ప్రతి మనుజుడును జేబునిండ ఇట్టి టోకెనులతో తిరుగుచు, తన సమీపమునకు వచ్చిన ప్రతివానికి ఒకటి ఇచ్చుచు, అతని యొద్దనుండి ఒకటి పుచ్చుకొనుచు పోవుచున్నట్లు భావింపుడు. బ్లూటూత్ అను అల్పదూర రేడియో సంకేతము ద్వారా ఫోనులు తమలో తాము చేయు పని ఇదియే. ఎవరిని కలసికొంటిమో మనకు జ్ఞప్తి లేకున్నను, బస్సులో ప్రక్కన కూర్చున్నవాని పేరు మన మెన్నడును ఎరుగకున్నను, ఫోనుయొక్క సంచిలో అతని టోకెను నిలిచియుండును.

ఇక ఒకనికి కరోనా సోకినదని తేలినప్పుడు ఏమి చేయవలెను? ఇచ్చట దారి రెండుగా చీలును. మొదటి దారిలో, రోగి తాను పుచ్చుకొన్న టోకెనులనన్నిటిని ఒక కార్యాలయమునకు అప్పగించును. ఏ అంకె ఎవరిదో వ్రాసియుంచిన పుస్తకము ఆ కార్యాలయములో నుండును. వారు పుస్తకము విప్పిచూచి సంబంధించినవారికి కబురు పంపుదురు. రెండవ దారిలో పుస్తకమే యుండదు. రోగి తాను ఇచ్చిన టోకెనుల అంకెలను మాత్రము ఒక గోడమీద అంటించును. ఎవరికి వారు వచ్చి, తమ సంచిలో ఆ అంకె యున్నదేమో రహస్యముగా చూచుకొని, ఉన్నచో జాగ్రత్తపడుదురు. ఎవరు ఎవరిని కలసిరో ఏ అధికారికిని తెలియదు. మొదటిదానిని కేంద్రీకృత పద్ధతి యనియు, రెండవదానిని వికేంద్రీకృత పద్ధతి యనియు నిపుణులు పిలిచిరి. సింగపూరు మొదటి దారిని పట్టెను. ఆపిల్, గూగుల్ సంస్థలు రెండును కలిసి 2020 ఏప్రిల్ 10న రెండవ దారిని ప్రకటించి మే 20న సిద్ధము చేసెను; జర్మనీ దేశము దానినే ఆశ్రయించి జూన్ 16న తన యాప్‌ను విడుదల చేసెను. ఇంగ్లండు ప్రభుత్వము మే నెలలో వైట్ దీవిలో మొదటి దారిని పరీక్షించి, జూన్ 18న దానిని విడిచిపెట్టి, సెప్టెంబరు 24న రెండవ దారిలో నడచు యాప్‌తో మరల ప్రజల ముందుకు వచ్చెను. మన ఆరోగ్యసేతు మొదటి దారికి చెందినది. టోకెనులు సాధారణముగా ఫోనులోనే యుండి, జబ్బు తేలినప్పుడు మాత్రము కేంద్రమునకు చేరునట్లు దానిని నిర్మించిరి. అయితే అది బ్లూటూత్‌తో పాటు మనుజుడు ఏ స్థలమున నున్నాడో తెలుపు జి.పి.ఎస్.ను కూడ వాడెను. ఎవరిని కలసినావను ప్రశ్నతో తృప్తిపడక, ఎచ్చట నున్నావు అనికూడ అడిగెనన్నమాట.

ఈ యంత్రాంగమంతటిలో ఒక విశేషము కలదు. యాప్ పెట్టుకొన్నవానికి దాని వలన తక్షణము కలుగు లాభము స్వల్పము. అతని జబ్బును అది నయము చేయదు, సోకకుండ ఆపదు. సోకిన పిమ్మట ఇతరులను కాపాడును. మందు నేను మ్రింగిన నొప్పి నీకు తగ్గుట వంటిది లోకములో ఎంతమందికి రుచించును? పరోపకారబుద్ధి ప్రజలలో లేదని నేననను. ఆ కాలమున వలసకూలీలకు దారిపొడుగున అన్నముపెట్టిన గృహస్థులను చూచితిమి. కాని అన్నము పెట్టినవానికి తిన్నవాని ముఖము కనబడును. యాప్ చేసిన మేలు ఎవనికిని కనబడదు. జరుగని జబ్బును చూచినవారెవరు?

దీనికి తోడు ఒక దుష్ప్రచారము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 ఏప్రిల్‌లో, జనాభాలో నూటికి 56 మంది యాప్‌ను వాడినచో అది వ్యాధివ్యాప్తిని అణచగలదనియు, అంతకంటె తక్కువమంది వాడినను తగినంత మేలు కలుగుననియు లెక్కకట్టి చెప్పిరి. రెండవ వాక్యము దారిలో ఎచ్చటనో జారిపోయెను. నూటికి 60 మంది లేనిచో ఈ యాపులు వ్యర్థములను మాట దేశదేశముల పత్రికలలో వ్యాపించెను. ఎట్లును వ్యర్థమగుదానిని నేనొక్కడను పెట్టుకొని ప్రయోజనమేమి యని తలచిన మనుజుడు మూఢుడా? చెప్పినవారు తప్పుచెప్పగా, విన్నవాడు సరిగానే లెక్కవేసెను. తరువాత 2021లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన, ఇంగ్లండు వేల్సులలో 1 కోటి 65 లక్షలమంది, అనగా జనాభాలో నూటికి 28 మంది మాత్రమే వాడిన యాప్ 2020 చివరి మూడు నెలలలో 2 లక్షల 84 వేలనుండి 5 లక్షల 94 వేల వరకు వ్యాధులను ఆపియుండునని అంచనా వేసెను. ఈ సంగతి తెలియునప్పటికి తుడిచివేయవలసినవారు తుడిచివేసియుండిరి.

పుస్తకము ఎవరి చేతిలో నున్నది

కేంద్రీకృతము, వికేంద్రీకృతము అను భేదము సామాన్యునికి తెలియకపోవచ్చును. కాని ఆ భేదమునకు మూలమైన ప్రశ్న అతనికి బాగుగా తెలియును: పుస్తకము ఎవరి చేతిలో నున్నది, రేపు వారు దానితో ఏమి చేయుదురు? పట్టాదారు పుస్తకమునకై, రేషను కార్డునకై కార్యాలయముల చుట్టు తిరిగినవానికి, ఒకసారి వ్రాసిన పేరు మరల కొట్టించుట ఎంత దుర్లభమో వేరుగా బోధింపనక్కరలేదు.

ఈ ప్రశ్నకు సింగపూరు కథ గొప్ప ఉదాహరణము. ఆ నగరరాజ్యము 2020 మార్చి 20వ తేదీననే ట్రేస్‌టుగెదర్ అను యాప్‌ను తెచ్చెను. ఫోను వాడలేని వృద్ధులకు జూన్ చివరనుండి వెంట నుంచుకొనదగిన చిన్న పరికరములను పంచెను. సేకరించిన సమాచారము వ్యాధిసంపర్కములను వెదకుటకు తప్ప మరి దేనికిని వాడబడదని మంత్రులు చెప్పిరి. ప్రజలు నమ్మిరి. సంవత్సరాంతమునకు జనాభాలో ముప్పాతిక వంతునకు పైగా దానిలో చేరిరి. అంతలో 2021 జనవరి 4న పార్లమెంటులో ఒక ప్రశ్నకు సమాధానముగా, నేరవిచారణ చట్టము ప్రకారము పోలీసులు ఈ సమాచారమును తీసికొనవచ్చునని మంత్రి డెస్మండ్ టాన్ వెల్లడించెను. మొదట మాట ఇచ్చిన మంత్రి వివియన్ బాలకృష్ణన్, ఆనాడు తనకు ఆ చట్టము తోచలేదని మరునాడు ఒప్పుకొనెను. ఫిబ్రవరిలో ప్రభుత్వము త్వరపడి, ఏడు విధములైన ఘోరనేరములకు తప్ప దీనిని వాడరాదని చట్టము చేసెను. తమ ప్రభుత్వమును మిక్కిలి నమ్ము ప్రజలకే ఇది కోపము తెప్పించెను. హంతకుని పట్టుకొనుటకు వాడుట మంచిపనియే కావచ్చును; వారి కోపము పనిమీద కాదు, మాట మారుటమీద. నార్వే దేశము మరియొక దారి చూపెను: అచ్చటి సమాచార రక్షణసంస్థ ఆక్షేపింపగా, ప్రభుత్వము 2020 జూన్‌లో తన యాప్‌ను ఆపి, సేకరించిన సమాచారమును చెరిపివేసెను.

మన దేశమున సంశయము వేరొక రూపమున వచ్చెను. ఆరోగ్యసేతు ఆరంభమున ఐచ్ఛికము. కాని 2020 మే 1న కేంద్ర హోంశాఖ, ప్రభుత్వోద్యోగులు ప్రైవేటు ఉద్యోగులు అందరును దానిని వాడి తీరవలెననియు, సిబ్బంది యందరిచేత వాడించు బాధ్యత సంస్థాధిపతిదే యనియు ఉత్తర్వు చేసెను. నోయిడా పోలీసులు ఒకడుగు ముందుకు వేసి, బయటికి వచ్చినవాని ఫోనులో యాప్ లేకుండుట శిక్షార్హమని ప్రకటించిరి. వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టముసాయిదాను రచించిన సంఘమునకు అధ్యక్షత వహించిన విశ్రాంత న్యాయమూర్తి బి.ఎన్. శ్రీకృష్ణ ఇది పూర్తిగా చట్టవిరుద్ధమని పలికిరి. మే 17న వెలువడిన మార్గదర్శకములలో నిర్బంధము సడలి, శక్తికొలది ప్రయత్నింపుడను మాట చోటుచేసికొనెను. ఫోనులోని సమాచారము 30 దినములకును, కేంద్రమునకు చేరినది 45 దినములకును, రోగులది కోలుకొన్న 60 దినములకును తుడిచివేయబడునను నియమములు ఉండెను. మే 26న యాప్‌యొక్క రచనను అందరును చూచుటకు బహిర్గతము చేసిరి. ఇవి మంచి చర్యలు. కాని నిర్బంధము ముందు వచ్చి నమ్మకము కలిగించు చర్యలు వెనుక వచ్చినవి. ఈ వరుస తలక్రిందులైనదని నా అభిప్రాయము. కావలివానికి చూపుటకై దించుకొన్నవాడు గేటు దాటిన పిమ్మట బ్లూటూత్ ఆపివేసినచో అతనిని తప్పుపట్టలేము. అతనిని అడిగినది సమ్మతి కాదు, ప్రవేశపత్రము.

ఇచ్చటనే మరియొక భయమును చెప్పవలెను. 2020లో మన ఊళ్లలో ఒక ఇంట కరోనా వచ్చినదనగా వీధికి అడ్డముగా కర్రలు కట్టుట, రెడ్ జోన్ అని వ్రాయుట, ఇంటితలుపునకు కాగితము అంటించుట జరిగెను. పాలవాడు ఆ ఇంటికి రాడు. కోలుకొన్న పిమ్మట కూడ పనిమనిషిని పనిలోనికి రానీయరు. చట్టప్రకారము తగిన ఆదేశము లేనిదే రోగుల ఇండ్లకు ఇట్టి కాగితములు అంటింపరాదని సుప్రీంకోర్టు చెప్పునప్పటికి 2020 డిసెంబరు వచ్చెను. జబ్బుకంటె జబ్బుపేరే ఎక్కువ దండించు చోట, నిజము చెప్పుమని అడుగు యంత్రమును మనుజుడు మిత్రునిగా చూచునా?

హెచ్చరికకు వెల

యాప్ ఉచితము, దాని హెచ్చరిక ఉచితము కాదు. పది దినములు ఇంట కూర్చుండుమన్న మాట నెలజీతగానికి విశ్రాంతి, తాపీపనివానికి పస్తు. ఇంగ్లండున ఈ సంగతి 2021 జూలైలో అందరికి తెలిసివచ్చెను. ఆంక్షలు సడలుచుండగా వ్యాధి పెరిగి, ఒక్క వారములో 6 లక్షలకు పైగా హెచ్చరికలు ఫోనులకు పోయెను. దుకాణములలో పనివారు లేరు, కార్ఖానాలు కుంటుపడెను. పత్రికలవారు ఈ ఉపద్రవమునకు పింగ్‌డెమిక్ అని హాస్యముగా పేరుపెట్టిరి. గోడకావలి పొరుగువాని సంకేతము కూడ కొన్నివేళల ఫోనునకు అందును గనుక, తానెన్నడును చూడని రోగికొరకు తానేల శిక్ష అనుభవింపవలెనని పలువురు యాప్‌ను తీసివేసిరి. ప్రభుత్వము ఆగస్టు ఆరంభమున, లక్షణములు లేని రోగి విషయమున వెనుకటి ఐదు దినముల సంపర్కములకు బదులు రెండు దినములవే చూచునట్లు యాప్‌ను మార్చెను.

నాకు ఇంతకంటె ముఖ్యముగా తోచునది మరియొకటి. ఆ దేశమున ఒంటరిగా ఉండుమని ఫోనులో మనుష్యులు పిలిచి చెప్పినచో, బీదలకు 500 పౌండ్ల సహాయము లభించెడిది. అదే మాట యాప్ చెప్పినచో మొదట లభింపలేదు. 2020 డిసెంబరులో గాని ఆ లోపమును సరిదిద్దలేదు. అంతవరకు యాప్‌మాట వినుట ఒక బీదవాని దృష్టిలో 500 పౌండ్ల నష్టము. ఆరోగ్యవిశ్వాస సిద్ధాంతములోని నాలుగవ ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము ఉండదు. ఆ పాటి సహాయమైనను లేని మన దినకూలీ హెచ్చరికను లెక్కచేయలేదని ఎవరైన వాపోయినచో, వారు ముందుగా అతని కూలిని లెక్కచేయవలెను.

కష్టమైనను ఎక్కిన మెట్లు

సులభముగా వాడగలిగినచో ప్రజలు వాడుదురని యంత్రనిర్మాతలు నమ్ముదురు. ఫ్రెడ్ డేవిస్ అను అమెరికా పండితుడు 1989లో ఈ నమ్మకమును పరీక్షించెను. ఒక సాధనమును మనుజుడు స్వీకరించుట రెండు భావనలమీద ఆధారపడుననియు, అవి ఉపయోగము, సౌలభ్యము అనియు, ఈ రెండింటిలో ఉపయోగభావనయే బలవత్తరమైనదనియు అతడు చూపెను. ప్రయోజనము గట్టిగా కనబడినచో కష్టమునైన సహింతురు. కనబడనిచో ఎంత సులభమైనను ప్రక్కకు నెట్టుదురు.

మన దేశముననే ఈ సూత్రమునకు రెండు వైపులను చూచితిమి. ఒకసారి నమోదై తెరచియుంచిన చాలునట్టి ఆరోగ్యసేతును జనులు మరచిపోయిరి. 2021 ఏప్రిల్ 28న 18 నుండి 44 ఏండ్లవారికి ప్రభుత్వపు టీకావేదికయైన కోవిన్‌లో నమోదు ప్రారంభమైనప్పుడు ఏమి జరిగెను? ఓ.టి.పి. రాదు, వచ్చినను వేళ మించును, తేదీలు కనబడినట్లే కనబడి మాయమగును. ఐనను ఆ ఒక్కదినమున 1 కోటి 30 లక్షలకు పైగా నమోదుచేసికొనిరి. ఖాళీ కనబడగానే టెలిగ్రాంలో హెచ్చరిక పంపు ప్రోగ్రాములను యువకులు వ్రాసికొనిరి. నగరవాసులు దూరపు పల్లెలలోని కేంద్రములలో తేదీలు సంపాదించి కార్లలో పోయి టీకాలు వేయించుకొని వచ్చిరి. ఆ పల్లెవారు తమ ఊరి ఆసుపత్రిముందు నిలుచుండి చూచిరి. కోవిన్ ఆనాడు ఇంగ్లీషు తప్ప మరొక భాష ఎరుగదు. తెలుగు మొదలగు భాషలు అందులోనికి వచ్చుటకు జూన్ నెల పట్టెను.

ఇచ్చట నిరాకరించినది రోగి కాదు, యాప్ రోగిని నిరాకరించెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైన ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది, తెలంగాణమున 26 మందికి కొంచెము పైన. ఇంటికి ఒక్క ఫోను, అది కొడుకు చేతిలోనిది లేక భర్త జేబులోనిది. ఇక ఇల్లాలు తన ఆడజబ్బును గూర్చి ఆ ఫోనులో వైద్యునితో ఎట్లు మాటాడును? గోప్యత యనగానే మనము ప్రభుత్వమును విదేశీ సంస్థలను తలచెదము. చాలమంది స్త్రీలకు గోప్యతా సమస్య వంటింటి గుమ్మముకడనే ఆరంభమగును. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ రవీంద్ర భట్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనము 2021 మే చివర ఫోనులేనివారి గతి యేమని ప్రభుత్వమును నిలదీసెను. జూన్ 21 నాటికి ముందుగా నమోదు లేకయే కేంద్రమునకు నడచివచ్చి టీకా వేయించుకొను వీలు ఎల్లరకు కలిగెను.

స్మార్ట్‌ఫోను లేనివారి మాట ముందే తలచినవారు కూడ లేకపోలేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020 ఏప్రిల్ 13న ప్రారంభించిన దూరవైద్యసేవకు, అనగా టెలిమెడిసిన్‌కు, యాప్ అక్కరలేకుండెను. 14410 నంబరునకు మిస్డ్ కాల్ ఇచ్చినచో వైద్యుడే తిరిగి పిలిచెడివాడు. మీటల ఫోనుగల రైతునకు మిస్డ్ కాల్ ఇచ్చుట ఎవరు నేర్పవలెను? కేంద్రము సైతము మే నెలలో ఆరోగ్యసేతునకు తోడుగా 1921 అను మిస్డ్ కాల్ సంఖ్యను తెచ్చెను. అలవాటైన చేష్టమీద కొత్తసేవను నిలుపుట నాకు ఎంతో తెలివైన పనిగా తోచును.

ఈ కథలో మిక్కిలి ఆశ్చర్యకరమైనది ఈ-సంజీవని. మొహాలీలోని సి-డాక్ సంస్థ నిర్మించిన ఈ దూరవైద్య వేదికకు రెండు శాఖలు. ఒకటి, 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైనది, రోగి తన ఇంటినుండి తన ఫోనుతో వైద్యుని దర్శించునది. రెండవది, అంతకుముందే 2019 నవంబరులో పుట్టినది, రోగి తన ఊరి ఆరోగ్యకేంద్రమునకు పోగా అచ్చటి సిబ్బంది తమ తెరమీద వైద్యుని చూపునది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతట 10 కోట్లమంది ఈ సేవను పొందగా, అందులో 3 కోట్లకు పైబడి ఒక్క ఆంధ్రప్రదేశమునకు చెందినవారు. రాష్ట్రములన్నిటిలోను అదియే ప్రథమము. ఇంటర్నెట్ ముట్టిన స్త్రీలు నూటికి 21 మందియైన రాష్ట్రము, తెరమీది వైద్యమున దేశమునకు అగ్రస్థానమున నిలుచుట ఎట్లు సంభవించెను?

ఆరోగ్యకేంద్రమునకు పోయి చూచినచో సమాధానము దొరకును. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ముసలమ్మ యాప్‌ను ముట్టదు, ఓ.టి.పి. యన నేమో ఆమెకు తెలియదు. ఊరివారు నర్సమ్మ యని పిలుచు ఉద్యోగిని ఆమెకు బి.పి. చూచి, షుగరు చూచి, తెర తెరచి, వైద్యుని ప్రశ్నలను ఆమెకు అర్థమగు మాటలలో మరల అడిగి, చివర మాత్రలు చేతిలో పెట్టి ఎప్పుడు మ్రింగవలెనో చెప్పును. యాప్‌ను స్వీకరించినది నర్సమ్మ; ముసలమ్మ స్వీకరించినది నర్సమ్మను. ఆ కోట్ల సంఖ్యలో పైనుండి వచ్చు లక్ష్యముల ఒత్తిడి ఎంతయో, రోగుల ఇష్టమెంతయో సంఖ్యను చూచి చెప్పలేము. ఇన్ని దర్శనములు ఇంత శీఘ్రముగా జరిగినచో అది వైద్యమా, నమోదా యని శంకించుటయు న్యాయమే. ఐనను, పరిచయమున్న మనిషి ప్రక్కన నిలిచినప్పుడు తెరను గూర్చిన జంకు రోగికి కలుగదనుట మాత్రము నిశ్చయము.

తరువాత ఆరోగ్యసేతులోని సంపర్కశోధన భాగమును ప్రభుత్వము నిలిపివేసెను. ఈ-సంజీవని నడచుచునే యున్నది. రాబోవు మహమ్మారికై యాపులను రచింపబూనువారు, దేశమున ఫోనులు ఎన్ని యున్నవని లెక్కించుటకు ముందు, ఎన్ని ఊళ్లలో నర్సమ్మ ఉద్యోగము ఖాళీగా పడియున్నదో విచారించి దానిని పూరింపవలసినదిగా కోరుచున్నాను.